నిఘంటువులో లేని తాళం

నా కంప్యూటరు మైదుకూరులో మూతపడిన ఇంటర్నెట్ సెంటరు నుంచి వచ్చింది. తెల్లరంగు పసుపుపచ్చగా మారింది. ఫ్యాను తిరగలిలో జొన్నలు విసిరినట్టు గరగరమంటుంది. ఈ వయసులో నీకిదెందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం మానేసి చాలా కాలమైంది.

మా ఊరి పక్కనే నాపరాయి క్వారీ. అక్కడ పేల్చినప్పుడల్లా మా ఇళ్ల గోడలు చీలుతున్నాయి. అడిగే నాథుడు లేడు. అందుకే కోర్టుకు పోదామని, ఎవరి గోడ ఎట్లా పగిలిందో, నోరెత్తితే ఎవరు బెదిరించారో వాళ్ల గొంతులతోనే ఫోనులో రికార్డు చేసి కంప్యూటరులోకి ఎక్కించాను. పక్కింట్లో బట్టలు కుట్టే ముసల్మాను ఆమె ఒక్కటే షరతు పెట్టింది.

"కోర్టులో అడిగితే చెప్తానన్నా. అంతవరకు నా గొంతు బయటికి పోగూడదు. మా పిల్లోడు ఆ క్వారీలోనే పని చేస్తాండాడు."

మాట ఇచ్చాను. ఫైళ్లకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఉందని తెలుసుకుని, పాత యంత్రంలో నడిచే పాత రకం సంపాదించాను. ఐదో తరగతిలో ఆగిన చదువు నాది. దాని ఇంగ్లీషు సహాయం పేజీలను నిఘంటువు పక్కన పెట్టుకుని నమిలాను. అందులో ఒక హెచ్చరిక: నిఘంటువులో దొరికే మాటను పాస్‌వర్డుగా పెట్టవద్దు. పకపకా నవ్వాను. చిన్నప్పుడు పలక మీద "ఉంది"కి బదులు మా ఇంటి మాట "ఉండాది" అని రాస్తే, అది తెలుగే కాదని అయ్యవారు నా చేత గోడకుర్చీ వేయించాడు. మరిచిపోతానా? ఆ మాటనే మరికొన్ని మా మాటలతో కలిపి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తాళం వేశాను.

ఎట్లా తెలిసిందో, క్వారీ యజమాని మేనల్లుడు ఒక పొద్దున వచ్చాడు. ఇంజనీరింగ్ చదివినవాడు. అడగకుండానే నా కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం మామా, ఏందో రికార్డు చేస్తాండావంట. వినిపించు."

"నీ ముందరే ఉండాది కదప్పా, వినుకో."

కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది. వాడు నా పేరు కొట్టాడు. కాలేదు. ఊరి దేవుని పేరు కొట్టాడు.

"దేవుడు గూడా తెరవల్యా?" అన్నాను.

"ఎకసెక్కాలొద్దు మామా. పాస్‌వర్డు యాడుండాది?"

"యాడుండాదో నీకెందుకప్పా!"

"ముసలోడివని ఊరుకుంటాండా" అని కుర్చీ తోసేసి వెళ్లిపోయాడు.

గోడ అవతల నుంచి గొడవ విన్న పక్కింటామె, మెడలో కొలత టేపు వేలాడుతుండగానే పరుగెత్తుకొచ్చింది.

"చెప్పలేదు కదన్నా?"

"చెప్పినా. వాని మొగమ్మీదే చెప్పినా."

ఆమె మొహం పాలిపోయింది. నేను కూర్చుని, వాడితో అన్న మాటనే అక్షరం అక్షరం కొట్టాను: యాడుండాదో నీకెందుకప్పా. తాళం తెరుచుకుంది. ఆమె గొంతే గదిలో మోగింది.

"యా అల్లా, ఆపన్నా! ముందు అది మార్చు" అంటూనే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

మార్చాను. ఈసారి మాటలు ఆమెనే చెప్పమన్నాను. సగం తెలుగు, సగం ఉర్దూ, మొత్తం తిట్టే. కోర్టులో ఆమె సరేనన్న రోజు తెరుస్తాను. అంతవరకు ఎవరొచ్చి నా కుర్చీలో కూర్చున్నా సరే, కూర్చోనీ.