మగ్గం గుంత మీదుగా రోడ్డు

మా వీధి ఎంత ఇరుకంటే, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూచున్న నాయన, ఎదురింట్లో మగ్గం మీదుండే పెద్దనాయనతో పని ఆపకుండానే మాట్లాడేవాడు. ఇద్దరే అన్నదమ్ములు. ధర్మవరం చుట్టుపక్కల మాలాంటి నేతగాళ్ల వీధులు చాలానే ఉండేవి. పొద్దున ఎండ ముదరకముందే పట్టు పడుగును వీధి పొడుగునా చాపి, అన్న ఒక కొస, తమ్ముడు ఒక కొస పట్టుకొని పోగులు సరిచేసేవాళ్లు. ఇంటి ముందర కసువు ఊడ్చాలన్నా అమ్మ ఆ పని అయ్యేదాకా ఆగేది.

ఎనభైల మొదట్లో నేను కాన్పుకని పుట్టింటికొచ్చినప్పుడు వీధి వెడల్పు చేస్తారని మాట పుట్టింది. రెండు పక్కలా సమంగా తీస్తారన్నారు. అరుగులు పోతే పోనీలే అనుకున్నారు అందరూ. తీరా కొలతలేసేటోళ్లు వచ్చి ఎర్ర రంగుతో గీతలు గీసి పోయినాక చూస్తే, పెద్దనాయన పక్క అరుగులు మాత్రమే పోతాయి. మా పక్క మగ్గాలుండే ముందర అర్రలన్నీ పోతాయి. మా ఇంట్లో వంటిల్లూ, దాని పక్క చిన్న అర్రా మిగుల్తాయి.

నాయన వీధి దాటి పోయి అన్న గడప ముందర నిలబడినాడు.

"అన్నా, నీ పక్క అరుగు పోయి నా పక్క మగ్గం పోయేదేంది?"

"నన్నడిగితే నేనేం చెప్తానప్పా? గీత గీసినోళ్లని అడుగు."

"అడిగినా. పోయి మీ అన్నని అడుగు అన్నారు."

పెద్దనాయన లోపలికి పోయినాడు. ఆ పొద్దు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మగ్గాలు మాత్రం ఎదురెదురుగా ఆడతానే ఉండేవి.

గడ్డపారలు పట్టుకొని కూలోళ్లు వచ్చిన రోజు నాయన మగ్గం మీద పెండ్లి చీర సగంలో ఉండె. పక్కింటి గోడ కూలతాంటే దుమ్ము మా ఇంట్లోకి కొట్టింది. అమ్మ తన పాత చీరలన్నీ తెచ్చి మగ్గం మీద కప్పింది. ఆ చీరల కిందనే చేతులు పెట్టి నాయన నేస్తానే ఉన్నాడు. నేను పసిబిడ్డను ఎత్తుకొని వంటింట్లో నిలబడి చూస్తాంటి.

అప్పుడు పెద్దనాయన వచ్చినాడు. "మగ్గం మా ఇంట్లోకి తెచ్చుకో. ఎనక అర్ర ఖాళీగానే ఉండాది" అన్నాడు.

నాయన తలెత్తలేదు. అమ్మే చెప్పింది: "మగ్గం మీ ఇంట్లోకి వస్తాది బావా. ఆయన రాడు."

పెద్దనాయన ఎనక్కి పోయినాడు. నాయన గుంతలోనుంచి లేచి, కత్తెర తీసుకొని, పడుగును అడ్డంగా కత్తిరించినాడు. సాయంత్రానికి మా గోడ రాళ్లతోనే ఆ గుంతను పూడ్చినారు.

ఆ తర్వాత నాయన ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయడానికి పోయేవాడు. అన్న ఇల్లు కనబడకుండా ఎనక సందులోనుంచి చుట్టూ తిరిగి పోయేవాడు. పెద్దనాయనకూ మగ్గం నిలవలేదు. లారీల దుమ్ముకు పట్టు పాడైపోతాందని పీకేసి, ముందర అర్రను సైకిల్ షాపుకు బాడుగకిచ్చినాడు. ఆయన కూతురి పెండ్లి చేస్తే అమ్మ పోయింది, నాయన పోలేదు.

కొన్నేండ్లకు పెద్దనాయన మంచం పట్టినాడు. తమ్ముణ్ణి పిలవమని కబురు మీద కబురు పంపినాడు. అప్పుడు పుట్టింటికొచ్చి ఉంటిని కాబట్టి నాయన వెంట నేనూ పోయినా. పెద్దనాయన మనిషి సగమైపోయినాడు. తమ్ముడి చెయ్యి పట్టుకొని అన్నాడు:

"గీత మీ పక్కకు జరపమని నేను చెప్పలేదురా. జరుపుతామని ఆ కొలతలేసేటోళ్లే నాకు ముందే చెప్పినారు. తెలిసి నీకు చెప్పలేదు. నీకు చెప్తే మీ పక్కోళ్లంతా పోయి గలాటా చేస్తారు, గీత మళ్లా ఈ పక్కకు జరుగుతాదని భయపడినా."

నాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని గోడకానుకొని కూచున్నాడు. అమ్మ సంగటి పెడితే ముట్టలేదు.

"చెప్పకుండానే ఉండింటే బాగుండు" అన్నాడు. "ఇన్నేండ్లూ ఒట్టి అనుమానమేనేమో అని ఒక మూల ఆశ ఉండె."

ఆ నెలలోనే పెద్దనాయన పోయినాడు. నాయన ముందర నిలబడి పాడె మోసినాడు. ఏడవలేదు. దినాలైపోయినాక కూడా ఆయన ఎనక సందులోనుంచే పనికి పోతాండె.