పేరు చెప్పమనే మేడం

కోరుట్లలో మాకు కంప్యూటర్ నేర్పిన మేడం, క్లాసులోకి వచ్చినవాళ్లు పేరు చెప్పందే కూర్చోనిచ్చేది కాదు.

"కంప్యూటర్లు గూడ గంతే. ముందుగాల సర్వర్‌కు 'నేనచ్చిన' అని పేరు చెప్పాలె. గప్పుడే మిగతావాటికి దొరుకుతయి. చెప్పకుంటె పక్కనున్నా కానరావు," అనేది.

హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి నేను ఊరికొచ్చి నెలైంది. ఎవరికీ చెప్పలేదు. మొహానికి చున్నీ చుట్టుకునే బయటికి వెళ్తున్నాను.

నిన్న మందుల షాపులో తలనొప్పి గోళీ అడుగుతుంటే, పక్కనుంచి మేడం గొంతు వినిపించింది.

"ఎన్నడచ్చినవ్ బిడ్డా?"

చున్నీ ఇంకాస్త పైకి లాక్కున్నాను. "మీరు ఇంకెవరో అనుకుంటున్నారండీ," అన్నాను.

ఆమె నా కళ్లలోకి చూసింది.

"గట్లనా. మా పిల్ల ఎక్కడన్న కనవడితె, మేడం అడిగిందని చెప్పు బిడ్డా," అంది.