ఆర్యభటకు తీగలు అతికిన మా చిన్నాయన

మా చిన్నాయన పోయారని సోమవారం పొద్దున ముదిగుబ్బ నుంచి ఫోను వచ్చింది. మీలో ఎవరూ ఆయన్ని ఎరిగి ఉండరు. మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభటకు తీగలు అతికిన వాళ్లలో ఆయన ఒకరు.

అనంతపురంలో ఐటీఐ ముగించి, బెంగళూరులో ఒక రేకుల షెడ్డులో పనికి కుదిరారు. టంకం పెట్టాక ప్రతి తీగనూ వేలితో మెల్లగా లాగి చూసేవారట. తర్వాత ఊళ్లో రేడియోలు బాగుచేసేటప్పుడూ అదే అలవాటు. "చూడ్డానికి బాగుంటే సాలదు పాపా, లాగితే నిలబడల్ల" అనేవారు నాతో.

రష్యా నుంచి ఎగిరిన ఆర్యభట తొలి సంకేతం అందినప్పుడు వాళ్లంతా మిఠాయిలు పంచుకున్నారట. కొద్ది రోజులకే లోపలి పరికరాలకు కరెంటు ఆగిపోయింది. ఉపగ్రహం తిరుగుతూనే ఉంది గానీ, చేయాల్సిన పరిశోధనలు ఆగిపోయాయి. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అయినా తప్పు తను అతికిన తీగదేనేమో అన్న అనుమానం ఆయన్ని వదల్లేదు. ఉద్యోగం మానేసి, వానలు లేక వేరుశనగ ఎండిపోతున్న ఊరికి తిరిగొచ్చేశారు. టీవీలో రాకెట్ ఎగురుతుంటే అంగట్లో అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆయన లేచి బయటికి పోయేవారు.

తొంభైల చివర్లో, నేను డిగ్రీ చదివేటప్పుడు, పట్టుబట్టి ఆయన్ని బెంగళూరు తీసుకెళ్లాను. అప్పట్లో ఆయనకు పై అధికారిగా ఉన్న ఇంజనీరు రిటైరై ఇంట్లోనే ఉన్నారు. చిన్నాయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"ఎవరి తప్పో ఎవరూ తేల్చలేదప్పా. ఆర్యభట కిందికి దిగొచ్చి గాలిలో కాలిపోయింది కూడా. ఇంకెక్కడని వెతుకుతావు?"

"అయితే నాది కాదని చెప్పలేరు గదా సార్" అన్నారు చిన్నాయన.

"నాది కాదని నేనూ చెప్పలేను" అన్నారు ఇంజనీరు.

తిరుగు బస్సు కదిరి దాటింది. అప్పుడు చిన్నాయన, "ఆ సారు గూడా ఇన్నేండ్లూ మోసినాడు పాపా" అన్నారు. ఆయనకు దొరికిన ఓదార్పు ఆ మాత్రమే.

పోయిన నెల చూడబోతే వసారాలో మంచం మీద ఉన్నారు. గొంతు సన్నగిలింది.

"ఇప్పుడు పైన మనవి ఎన్నో ఉండాయంట గదా?"

"చానా ఉండాయి చిన్నాయనా."

"మాట్లాడతాండాయా?"

"మాట్లాడతాండాయి."

తలూపి గోడవైపు తిరిగి పడుకున్నారు. బయట ఒక మబ్బు నీడ ఎండిన చేల మీదుగా సాగి, చినుకు రాల్చకుండానే దాటిపోయింది.