పులిహోర ఊళ్ళో పట్టెడు తెల్లన్నం

ఆ రోజుల్లో మా విజయవాడలో ఎవరికి ఏ ఆపద వచ్చినా ముందు పులిహోర కలిపేవాళ్ళు. ఇళ్ళు కాలినా పులిహోరే, రైళ్ళు ఆగిపోయినా పులిహోరే. ఇక బుడమేరు పొంగితే చెప్పక్కర్లేదు, ఊళ్ళో ఉన్న సేవా సంఘాలన్నీ ఒకేసారి చింతపండు నానబెట్టేవి. కారణం లేకపోలేదు. పులుపూ నూనే పడ్డ అన్నం మర్నాటికీ పాడవదు, పొట్లం కట్టడానికి వీలు, పైగా కూరా చారూ అక్కర్లేదు. ఇవన్నీ ఇప్పుడు కూర్చుని తీరిగ్గా ఆలోచిస్తే సబబుగానే కనిపిస్తున్నాయి. అప్పుడు మాత్రం పులిహోర పేరెత్తితే ఒళ్ళు మండిపోయేది.

డిగ్రీ అయిపోయి, ఉయ్యూరులో ఇంట్లో కూర్చుంటే పెళ్ళి చేసేస్తారన్న భయంతో పటమటలో ఒక సేవా సమితి ఆఫీసులో పనికి చేరాను. ఉండటం లేడీస్ హాస్టల్లో. సమితి ప్రెసిడెంటు గారికి బెంజ్ సర్కిల్ దగ్గర టైల్స్ షాపు ఉండేది. నిజంగా మంచి మనిషి, ఎముకలేని చెయ్యి. కాకపోతే ఎదుటివాళ్ళు ఏం చెప్పబోతున్నారో ఆయనకి ముందే తెలిసిపోయేది కాబట్టి ఎవరు చెప్పేదీ పూర్తిగా వినేవారు కాదు. ఆ ఏడు వానలకి బుడమేరు పొంగి, పల్లపు కాలనీలు మునిగి, అక్కడి జనాన్ని ఒక స్కూల్లో పెట్టారు. పొట్లాలు పంచే పని నాది. వాటినీ నన్నూ మోసే పని ఆటో భాయ్‌ది (ఆయనకి చక్కటి పేరుంది, కానీ సమితిలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు).

మొదటి రోజు ఏ గొడవా లేదు. జనం ఆకలి మీదున్నారు, పొట్లాలు చేతుల్లోంచి ఎగిరిపోయాయి. చివరి గదికి వెళ్ళేసరికి అక్కడ రెండు బెంచీలు కలిపి, వాటి మీద దుప్పటి పరిచి, చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని ఒక పిల్ల పడుకుని ఉంది. కిటికీ ఊచలకి కట్టిన చీర ఉయ్యాలలో పసివాడు. పక్కన కాపలా కాస్తున్నట్టు అత్తగారు. నేను పొట్లం చాచాను. ఆవిడ దాని వంక చూసి, నా వంక చూసింది.

"పచ్చి బాలింతకి పులిహోర పెడతావా అమ్మాయ్? పెళ్ళైందా నీకు?"

"లేదండీ."

"అందుకే."

ఆ పిల్ల ముందు రోజు నుంచీ పాలల్లో ముంచిన బ్రెడ్డు ముక్కలు తప్ప ఏమీ తినలేదట. పాలు సరిగ్గా పడక పసివాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నాడు. పస్తు ఉండటం కంటే కాస్త పులుపు తినడమే నయం కదా పిన్నిగారూ అని నా తెలివితేటలన్నీ ఉపయోగించి చెప్పాను. స్కూలుకి వచ్చిన డాక్టరమ్మ కూడా అదే చెప్పిందట. నీకెంతమంది పిల్లలమ్మా అని ఈవిడ ఆ డాక్టరమ్మని అడిగిందట. "వేడిగా ఇంత తెల్లన్నం, ఇంత వెల్లుల్లి కారం తెచ్చి పెట్టు. బంగారం అడిగానా?" అంది.

నిజమే, బంగారం అడగలేదు. చుట్టూ ఎటు చూసినా వరి పండే డెల్టాలో పట్టెడు అన్నం అడిగింది. ఇదెంత పని అనుకుని నేను ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"సర్, అక్కడ ఒక బాలింత..." అన్నాను.

"పొట్లాలు చాల్లేదా? రేపు ఇంకో గంగాళం ఎక్కువ పెట్టిద్దాం" అన్నారు.

"పులిహోర కాదండీ, ఉత్త అన్నం."

"ఉత్త అన్నం మధ్యాహ్నానికి పాసిపోతుందమ్మా. అది తిని ఎవరికన్నా తేడా చేస్తే సమితి పరువేం కావాలి? పైగా దాతలు పులిహోరకని ఇచ్చారు." అంతే, ఫోన్ మోగింది. అప్పటికి సమితి మొత్తానికి సెల్ ఫోన్ ఆయన ఒక్కరికే ఉండేది, అది ఎప్పుడూ నా మాట మధ్యలోనే మోగేది.

మర్నాడు పొద్దున్నే వంటశాలకి వెళ్ళి వంట పెద్దాయన్ని బతిమాలుకున్నాను. ఆయన జాలిపడి, పులుసు కలపకముందే ఒక గిన్నెడు అన్నం తీసి పక్కన పెడతానన్నాడు, పెట్టాడు కూడా. ఈలోగా ఆటోకి బ్యానర్ కట్టాలని నన్ను బయటికి పిలిచారు (మా సమితిలో బ్యానర్ కట్టనిదే పొట్లం కదలదు). తిరిగొచ్చేసరికి ఆ గిన్నెలో అన్నం పసుప్పచ్చగా మెరుస్తోంది. విడిగా మిగిలిపోయిందేమో అనుకుని ఎవరో ఎంతో శ్రద్ధగా, వేరుసెనగపప్పు కూడా వేసి మరీ కలిపి పెట్టారు. పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. నేను కొట్టుకోవాల్సిన నుదురు కూడా ఆయనే కొట్టుకున్నట్టనిపించింది.

స్కూలుకి వెళితే జనం మా ఆటోని చూసి మొహాలు తిప్పుకున్నారు. అప్పటికే ఇంకో సంఘం వాళ్ళ జీపు వచ్చి పులిహోర పంచి వెళ్ళింది. ఇంకొకరు పంచుతున్నారు. నేను ఆశ చావక మూడో బండి దగ్గరికి పరిగెత్తి, మీరేం తెచ్చారండీ అని అడిగాను. ఆ బండిలో పెద్దమనిషి మహా సంతోషంగా, "జనానికి మొహం మొత్తిందని మార్పు కోసం తెచ్చామమ్మా" అన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. చూస్తే నిమ్మకాయ పులిహోర.

హోటల్ నుంచి తెస్తానంటే అత్తగారు ఒప్పుకోలేదు. హోటల్ అన్నంలో సోడా వేస్తారట. మా హాస్టల్ అన్నం తెస్తానంటే, అదీ హోటల్ లాంటిదేగా అంది. స్కూల్లో వండుదామంటే ఎండు పుల్ల ఒక్కటి లేదు. ఉయ్యాలలో పసివాడు ఏడవటానికి కూడా ఓపిక లేనట్టు సన్నగా మూలుగుతున్నాడు. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. నాకు అందరిమీదా కోపం వచ్చింది. వినిపించుకోని ప్రెసిడెంటు గారి మీద, మొండికేసిన అత్తగారి మీద, చింతచెట్టుని పుట్టించిన దేవుడి మీద కూడా.

ఆటోలో వెనక్కి వస్తూ ఆ కోపమంతా ఆటో భాయ్ మీద కక్కేశాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "ఉత్త అన్నమేగా మేడమ్? నిన్ననే నాతో చెప్తే అయిపోయేది కదా" అన్నాడు. ఊరంతా అడిగాను గానీ పక్కన కూర్చున్న మనిషిని అడగాలని తట్టలేదు. ఆటో నేరుగా ఆయన ఇంటికి తిప్పాడు. వాళ్ళావిడ నేను చెప్పింది సగం వినగానే పొయ్యి వెలిగించి, రోట్లో వెల్లుల్లి దంచడం మొదలుపెట్టింది. క్యారియర్లో అన్నం, కారం, చిన్న సీసాలో నెయ్యి సర్ది ఇచ్చి, మధ్యాహ్నం దాటకముందే మమ్మల్ని పంపించేసింది.

దారి పొడుగునా నాకు ఇంకో భయం పట్టుకుంది. ఇంత పట్టింపులున్న మనిషి, అన్నం ఎవరింట్లో వండారని అడిగితే? ముస్లిముల ఇంట్లో అంటే వద్దంటుందేమో. అంటే ఏం మాట్లాడాలో, ఎలా దులిపెయ్యాలో అన్నీ మనసులో కూడబెట్టుకున్నాను. లోపలికి వెళ్ళి క్యారియర్ ముందు పెట్టాను. భాయ్ నా వెనకే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరు వండారు?" అంది.

"మా ఇంట్లోనే అమ్మా" అన్నాడు భాయ్.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కొత్త బియ్యమా, పాత బియ్యమా?"

"పాతవేనమ్మా. పోయినేటివి."

"అదీ అట్లా చెప్పు. కొత్తవైతే బాలింతకి అరగవు" అని మూత తీసి, అన్నం మెతుకు వేళ్ళతో నలిపి చూసి, నెయ్యి వాసన చూసి, కోడల్ని లేపి కూర్చోబెట్టింది. నేను కూడబెట్టుకున్న ఉపన్యాసమంతా వృథా అయింది. ఆ పిల్ల గబగబా తినబోతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపి, తనే ముద్దలు కలిపి పెట్టింది. చివరి మెతుకు దాకా అయ్యాక ఆవిడ క్యారియర్ కడిగి ఇస్తానని పంపు దగ్గరికి వెళ్ళింది. భాయ్ ఆటో దగ్గరికి వెళ్ళాడు. గదిలో మేమిద్దరం మిగిలాం.

ఆ పిల్ల గుమ్మం వైపు ఒకసారి చూసి, మొదటిసారి నాతో మాట్లాడింది.

"అక్కా, పులిహోర ఉంటే ఒక్క ముద్ద పెట్టవా? నిన్నట్నుంచి ఆ వాసనకి నోరూరి చచ్చిపోతున్నా."

నా రెండు రోజుల తిరుగుడు, బతిమాలుకోవడాలు అన్నీ కళ్ళముందు గిర్రున తిరిగాయి. "పచ్చి బాలింతవి, పులుపు తింటావా? నోరు కట్టుకోలేవా?" అనేశాను. అన్న తర్వాత ఆ మాటలు ఎవరివో నాకే తెలిసింది. పెళ్ళి కాకుండానే అత్తగారినైపోయాను. ఆ పిల్ల తల దించుకుంది. ప్రెసిడెంటు గారూ, అత్తగారూ, నేనూ, ముగ్గురం కలిసి ఆ పిల్ల తిండి గురించి అంత కొట్టుకున్నాం గానీ, నీకేం తినాలనుందే అని ఒక్కరం అడగలేదు. నాకు చాలా సిగ్గేసింది.

బయటికి వెళ్ళి ఎవరూ తీసుకోని పొట్లాల్లోంచి ఒకటి తెచ్చాను. ఒక్క ముద్దే పెట్టాను. కళ్ళు మూసుకుని తింది ఆ పిల్ల. అంత ఇష్టంగా పులిహోర తిన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పొట్లం నా వెనక దాచానో లేదో అత్తగారు వచ్చేసింది. కోడలి పెదాల చుట్టూ పచ్చగా అంటుకుని ఉంది. ఆవిడ చూపు అక్కడే ఆగిపోయింది.

"పసుపు రాశానండీ" అన్నాను. "పెదాలు పగిలాయి, బాలింతకి మంచిది కదా అని."

ఆవిడ మొహం మెత్తబడింది. "పెళ్ళి కాకపోయినా తెలిసిన పిల్లవే" అని నా తల నిమిరింది. తర్వాత నాకూ పెళ్ళయింది, నాకూ ఒక అత్తగారు వచ్చారు. కానీ నన్ను అంత మనస్ఫూర్తిగా మెచ్చుకున్న అత్తగారు ఇప్పటికీ ఆవిడ ఒక్కతే, అదీ నేను ఆడిన అబద్ధానికి.