ఊరంతా ఆ బెంచీ మీదే

నా చిన్నప్పుడు ఫిజీ దీవుల్లోని మా టాబియా ఊరి ఆడవాళ్ళు రెండిటికే భయపడేవారు. ఒకటి తుఫాను, రెండోది పట్నంలో ఒక బెంచీ. తుఫాను ఎప్పుడో గానీ రాదు. బెంచీ మాత్రం ఎప్పుడూ అక్కడే ఉండేది, లంబాసా బజారుకి వెళ్ళే దారిలో, ఒక చిన్న క్లినిక్కు వరండాలో. ప్రతి గురువారం అక్కడ మనసు బాగాలేని వాళ్ళని చూసేవారు. ఆ చెక్క బెంచీని ఎవరు వేశారో గానీ సరిగ్గా రోడ్డు వైపు తిప్పి వేశారు. ఎదురుగానే బస్సు ఆగేది. మా బస్సులకి కిటికీ అద్దాలు ఉండవు కాబట్టి చూపులకి అడ్డమేమీ లేదు. అక్కడ కూర్చున్న మనిషి ఇల్లు చేరేలోపే ఆమెకి పిచ్చి అన్న కబురు ఊరు చేరిపోయేది.

నాకు బెంచీలతో బాగా పరిచయం. లెక్కలు రాక బడిలో నేను బెంచీ ఎక్కని వారం లేదు. బెంచీ ఎక్కితే పరువు పోతుందంటే నాకు అర్థమయ్యేది కాదు. నాది అప్పటికే పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. కొత్త జెండా ఎగిరింది, కొత్త పాట పాడాం. జెండా మారింది గానీ బెంచీ మారలేదు.

ఆ ఏడు మా పిన్నికి కొడుకు పుట్టాడు. పిన్ని మా బాబాయి భార్య. సముద్రం అవతలి దీవిలో, బా పట్నం దగ్గర రారవాయి ఆమె పుట్టిల్లు. వాళ్ళ నాన్న అక్కడి చక్కెర మిల్లులో పనిచేసేవాడు. మా ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె నవ్వితే వంటింట్లో గిన్నెలు కూడా మోగేవి. బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకి ఆ నవ్వు ఆగిపోయింది. తిండి మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. బిడ్డ ఏడుస్తుంటే గోడ వైపు తిరిగి పడుకునేది. ఏటి దగ్గర ఏదో పట్టిందన్నారు కొందరు. బాబాయి ఒక భూతవైద్యుణ్ణి తెచ్చాడు. అతను చేతికి నల్లతాడు కట్టి, మా కోళ్ళలో బాగా గుడ్లు పెట్టేదాన్ని పట్టుకుపోయాడు. తాడు పిన్నికి మిగిలింది, గుడ్లు మాకు మిగల్లేదు.

చివరికి మా తాతయ్య తేల్చేశాడు. ఆ ఏటి చెరకు క్రషింగు అయిపోయి మిల్లు ఆగగానే పిన్ని నాన్న వస్తాడు, ఆమెను పుట్టింటికి తీసుకుపోతాడు. బిడ్డ మాత్రం ఇక్కడే ఉంటాడు. ఆ మాట అనేటప్పుడు తాతయ్య ఎవరి మొహమూ చూడలేదు. నాయనమ్మ పొయ్యిలోకి ఒక కట్టె గట్టిగా తోసింది. ఆవిడ కట్టె అలా తోసిందంటే మా ఇంట్లో అందరూ జాగ్రత్తపడేవాళ్ళు.

పసిబిడ్డల బరువు చూడడానికి ఊళ్ళు తిరిగే ఒక నర్సమ్మ ఉండేది. మూలవాసి ఫిజియన్ మనిషి, గుండ్రంగా లేచిన జుట్టు, తలుపు నిండుగా ఉండే విగ్రహం. మా హిందీ మాకంటే బాగా మాట్లాడేది. ఆమె పిన్నిని చూసి నాయనమ్మతో చెప్పింది: ఇది దయ్యం కాదు, జబ్బు. చాలామంది బాలింతలకి వస్తుంది, నయమవుతుంది. గురువారం క్లినిక్కులో నేనే ఉంటాను, పట్టుకురా అని.

ఆ సాయంత్రం నాయనమ్మ పిన్ని పక్కన కూర్చుని విషయం చెప్పింది. ఎన్నో రోజుల తర్వాత పిన్ని నోరు విప్పింది.

"నేను పోను అత్తా. ఆ బెంచీ మీద కూచుంటే నా కొడుకుని పగ్లీ కొడుకంటారు. బడిలో అంటారు, పెళ్ళిలో అంటారు. వాడికా పేరొద్దు."

మా ఊరి హిందీలో పగ్లీ అంటే పిచ్చిది. బిడ్డ మొహం చూడదని అందరూ అనుకున్న మనిషి బిడ్డ గురించే మాట్లాడింది. నాయనమ్మ ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుంది. తర్వాత లేచి చెప్పులు తొడుక్కుని బయటికి వెళ్ళింది.

మా చెరకు కోతకి ఒక పద్ధతి ఉంది. కొన్ని ఇళ్ళు కలిసి ఒక గ్యాంగు, దానికి ఒక సర్దారు. ఎవరి పొలం వంతు వస్తే ఆ పొలంలోకి అందరూ దిగాలి, ఇంటికొక మనిషి. పొలం ఆసామితో మాటలు లేకపోయినా సరే, కత్తి పట్టుకుని రావలసిందే. రాలేనివాడు తన బదులు ఇంకొకణ్ణి పంపాలి. కోత వంతు వచ్చిన చెరకు ఆగదు. రేపు తన పొలానికీ ఆ చేతులే కావాలి. ఇదంతా మగవాళ్ళ వ్యవహారం. ఆడవాళ్ళ వంతుకి వంటే మిగిలేది.

నాయనమ్మ ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. నేను లాంతరులా వెంట వెళ్ళాను, వెలుగు ఇవ్వకుండా. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట. "గురువారం ఆడోళ్ళ గ్యాంగు. ఇంటికొకరు."

"ఎవరి పొలం పెద్దమ్మా?" అని అడిగింది పక్కింటి అక్క.

"నా కోడలు."

అక్కకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మో, ఆ బెంచీయా! మా ఆయన చంపుతాడు."

"వాడి పొలంలో మొన్న నా కొడుకు నడుం విరిగేలా కోశాడు. చంపేముందు అది గుర్తు చెయ్యి."

ఒక్క ఇల్లు కూడా కాదనలేకపోయింది. కోత పద్ధతిని కాదంటే ఆ ఊళ్ళో బతకలేరు మరి.

గురువారం పొద్దున చెరకు లారీ మీద ఎక్కాం. పెళ్ళికి కట్టే చీరలు, జడల్లో పూలు, ఒళ్ళో రొట్టెలూ కూరా మూటలు. పిన్నిని మధ్యలో కూర్చోబెట్టారు, బిడ్డ నాయనమ్మ ఒళ్ళో. కోతకి ముందు ఆకు కాల్చిన చెరకు మోసిన లారీ కదా, పట్నం చేరేసరికి చీరలన్నీ మసి. మందు కోసం బయల్దేరిన మంద మాది. నాకు ఇంత సరదా జబ్బు ఎప్పుడూ రాలేదు.

బెంచీ మీద పట్టినంతమంది కూర్చున్నారు, మిగతావాళ్ళు వరండా మెట్ల మీద, గడ్డిలో. పిన్ని ఎక్కడుందో వెతకాలంటే మాకే కష్టంగా ఉంది. అంతలో బస్సు వచ్చి ఆగింది. అలవాటు ప్రకారం తలలన్నీ తిరిగాయి, తిరిగి అలాగే ఉండిపోయాయి. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "అరే, టాబియా కే సబ్ లోగ్ పాగల్ హోయ్ గయిస్ కా?"

నాయనమ్మ లేచి నిలబడింది. "అవున్రా నాయనా, ఊరంతా పిచ్చెక్కింది! నీకూ చోటుంది, దిగు!" తెలుగులో ఒకసారి, అతనికి అర్థమయ్యేలా హిందీలో ఒకసారి. బస్సంతా నవ్వింది. అయితే ఆ నవ్వు ఎవరి మీదికి విసరాలో వాళ్ళకి తెలియలేదు. ఇంతమందిలో ఎవరని?

నర్సమ్మ తలుపు తీసి చూసింది. "సబ్ బీమార్?" అందరికీ జబ్బేనా అని. "సబ్" అంది నాయనమ్మ. నర్సమ్మ ఆ పూల జడలనీ మసి చీరలనీ ఒకసారి తేరిపార చూసింది. నవ్వు బుగ్గల్లో దాచుకుని, సరే, ఒక్కొక్కరే రండి అంది.

ముందు నన్ను తోశారు. నేను దారి పొడుగునా ఒక జబ్బు కంఠస్థం చేశాను. రాత్రి నిద్ర పట్టదని చెప్పాను. మరి పట్టనప్పుడు ఏం చేస్తావు అని అడిగింది నర్సమ్మ. పడుకుని నిద్రపోతానని చెప్పాను. లెక్కల్లోనే కాదు, అబద్ధాల్లోనూ నాది అదే తరగతి. అప్పుడు అసలు మాట అడిగాను, మా పిన్ని పగ్లీయా అని. ఆమె నా మోకాలి మీద మానుతున్న గాయం చూపించింది. "నువ్వు దెబ్బ తగిలిన పిల్లవి. కుంటి పిల్లవి కాదు కదా? పిన్నీ అంతే."

నా తర్వాత పక్కింటి అక్క నవ్వుకుంటూ లోపలికి వెళ్ళింది. వెంటనే వస్తుందనుకున్నాం, రాలేదు. వచ్చేసరికి ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏం జరిగిందని ఎవరో అడిగారు. "ఏం లేదు. ఎలా ఉన్నావని అడిగింది. అంతే. నన్నెవరూ అడగలా ఇన్నాళ్ళూ" అంది. ఆ తర్వాత వెళ్ళిన వాళ్ళందరూ అలాగే ఆలస్యంగా, అలాగే తడిగా వచ్చారు. తోడుకి వచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా ఖాళీ మనసుతో రాలేదన్నమాట. వరండాలో కబుర్లు తగ్గాయి. రొట్టెల మూటలు ఎవరూ విప్పలేదు.

పిన్ని వంతు వచ్చింది. ఆమె లేవలేదు. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఇంకో బస్సు వచ్చి ఆగింది. ఇంత చేసి ఇక్కడ ఆగిపోతుందా అనుకున్నాను. మిల్లు ఆగితే వాళ్ళ నాన్న వచ్చేస్తాడు. ఎవరూ ఆమెను బతిమాలలేదు.

నాయనమ్మ బిడ్డను పిన్ని ఒళ్ళో పెట్టింది. "వీణ్ణి పట్టుకో. నేను పోయొస్తా."

ఆవిడ అందరికంటే ఎక్కువసేపు లోపల ఉంది. ఎప్పుడూ కంటతడి పెట్టదని పేరున్న మనిషి. తలుపు సందులోంచి ముందు గొణుగుడు, తర్వాత ఒక ఏడుపు వినబడింది. మా నాన్నకంటే ముందు పుట్టి పోయిన ఆడపిల్ల ఒకతె ఉండేదని అప్పటికి మాకెవరికీ తెలియదు. అప్పుడు తాను కూడా గోడ వైపు తిరిగి పడుకున్నానని, ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళలేదని ఆవిడ ఆ రోజే మొదటిసారి చెప్పుకుంది. ఆ సంగతి మాకు చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ నోటే తెలిసింది.

బయటికి వచ్చి ముక్కు గట్టిగా చీది, పిన్ని ముందు నిలబడింది. "పోవే అమ్మాయ్. ఆ మనిషి కరవదు. నాకింకా సగం మిగిలింది. నువ్వొచ్చాక మళ్ళీ పోతా."

పిన్ని ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత లేచింది. బిడ్డను ఎవరికీ ఇవ్వలేదు. ఎత్తుకునే లోపలికి నడిచింది. బస్సు ఇంకా అక్కడే ఉంది. ఆమె తిరిగి చూడలేదు.

ఆ రోజే నవ్వు తిరిగొచ్చిందని రాస్తే బాగుండేది గానీ, రాలేదు. మాత్రలు ఇచ్చారు. మళ్ళీ గురువారం వెళ్ళాం, ఆ తర్వాతా వెళ్ళాం. మగవాళ్ళు కొన్నాళ్ళు మొహాలు ముడుచుకున్నారు, తర్వాత వాళ్ళే లారీ సిద్ధం చేసేవారు. ముందు తిండి వచ్చింది, తర్వాత దువ్వెన వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను లెక్కల్లో సున్నా తెచ్చుకున్నానని విని పిన్ని నవ్వింది. గిన్నెలు మోగాయి. నా సున్నాకి అంత విలువ వచ్చిన రోజు మరొకటి లేదు.

మిల్లు ఆగింది. రారవాయి నుంచి ఆమె నాన్న వచ్చాడు. పిన్ని కొడుకుని చంకనేసుకుని ఆయనకి అన్నం వడ్డించింది. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన మనిషి మామిడికాయ ఊరగాయ జాడీ తీసుకుని వెళ్ళాడు. తాతయ్య ఆయన్ని బస్సు దాకా సాగనంపి వచ్చి, పశువులకి గడ్డి వెయ్యాలంటూ చాలాసేపు పాకలోనే ఉండిపోయాడు. మర్నాటి నుంచి మనవణ్ణి ఆయన చంక దించలేదు. తర్వాతి ఏడు నర్సమ్మే మా ఊరికి రావడం మొదలుపెట్టింది. గుడి హాల్లో చాపలు పరిచేవాళ్ళం. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. మగవాళ్ళు మొదట గుమ్మం దగ్గర ఊరికే నిలబడి, తర్వాత చెప్పులు విడిచి లోపలికి రావడం నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను రాజధాని దగ్గర వాలేలేవులో ఉంటున్నాను. మార్కెట్టు దగ్గర, మాటలకి కరువు లేని చోట. చుట్టుపక్కల ఎవరి మొహమైనా గోడ వైపు తిరిగినట్టు అనిపిస్తే, వెళ్ళి డాక్టరుకి చూపించుకో అని నేను ఎవరికీ చెప్పను. చెప్పులు తొడుక్కుని వాళ్ళ గుమ్మంలోకి వెళ్తాను. పద, నాకూ చూపించుకోవాలి అంటాను. అది అబద్ధం కాదు. నా పేరు పిలిచినప్పుడు ముందుగా లేచి లోపలికి వెళ్తాను. ఎలా ఉన్నారు అని అడుగుతారు. ఈ వయసులో కూడా, ప్రతిసారీ, చెప్పడానికి నా దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.