పెద్దసారు గుమ్మడి తీగ

నిన్న నాలుగో తరగతి చదివే మా మనవరాలు పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. పేజీ నిండా రంగుల్లో గుమ్మడి పూలు, ఒకటి మగది, ఒకటి ఆడది. "ఇయ్యాల మా మిస్ గిదే చెప్పింది అమ్మమ్మా" అంది. పిల్లకు అది మామూలు పాఠమే. నాకు మాత్రం పాత కడుపుమంట మళ్లీ రాజుకుంది.

ఎనభైల్లో హుజూరాబాద్ వైపు ఓ ఊరి బడిలో నేను కొత్త టీచరును. ఆదివారమంతా కూర్చుని అట్ట మీద అదే బొమ్మ గీశాను. కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడ మీద పూస్తే మగపువ్వు, దాని పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తేనే కాయ అని చెబుతుండగా మా హెడ్మాస్టరు, పెద్దసారు, లోపలికొచ్చాడు. "ఏందమ్మా, పోరగాండ్లకు గీ ఆడ మగ ముచ్చట్లేంది? జర సిగ్గనిపిస్తలేదా?" అంటూ పిల్లలందరి ముందూ నా అట్టను నాలుగు ముక్కలు చేశాడు. మర్నాటి నుంచి సైన్సు తీసేసి కుట్లు, అల్లికలు ఇచ్చాడు. నేను ఏడవలేదు. పగబట్టాను.

బడి వెనకే ఆయన ఇల్లు. పెంకుల మీదంతా గుమ్మడి తీగ, ఆ చుట్టుపక్కల మరొకటి లేదు. ఏ కాయ ఏ చుట్టానికి పంపాలో పిందె నాడే అనుకునేంత మురిపెం ఆయనకు. ఇంతలో బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మ పండుగ వచ్చింది. మా దగ్గర బొడ్డెమ్మకు, బతుకమ్మకు పూలడిగితే శత్రువైనా కాదనడు. కుట్ల క్లాసులో ఆడపిల్లలకు మెల్లగా చెప్పాను: పొద్దున్నే, తేనెటీగలు రాకముందే వెళ్లండి, పిందె లేని పూలే తెంపండి, ఒక్కటి కూడా వదలకండి. సారు భార్య పాపం నవ్వుతూ నిచ్చెన వేసిచ్చేదట. బతుకమ్మ చివరి రోజు, సద్దుల బతుకమ్మ దాకా అలా సాగింది నా పాఠం. పిల్లలు కింది నుంచే మగపువ్వును గుర్తుపట్టడం నేర్చారు. తీగ మీది పిందెలు పసుపెక్కి రాలిపోయాయి.

దసరా సెలవులయ్యాక పెద్దసారు కుట్ల క్లాసుకే వచ్చాడు. "టీచరమ్మా, మస్తు పరేషానైతున్న. తీగకు ఏం రోగమొచ్చిందో, ఒక్క పిందె నిలుస్తలే."

"నాకేమెరుక సార్? నాయి కుట్లు, అల్లికలేనాయె" అన్నాను.

సూదిలో దారం ఎక్కిస్తున్న ఓ నాలుగో తరగతి పిల్ల ఆగలేకపోయింది. "మగపువ్వు లేకుంటె కాయెట్లయితది సార్? అన్ని మేమే తెంపినం గద!"

ఆయన నా వైపు చూశాడు. నేను కళ్లు దించలేదు. సోమవారం నాటికి టైంటేబుల్లో సైన్సుకు ఎదురుగా నా పేరుంది, బల్ల మీద కొత్త అట్ట ఉంది. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు, పోయేదాకా రాలేదు.

ఏళ్లు గడిస్తే ఎంతటి కోపమైనా పండి రాలిపోతుందంటారు. నాది నలభై ఏళ్లయినా ఇంకా కాడకే ఉంది.