అప్పాఛీ

మా నాయనకు ఆ పేరు పెట్టింది ఒక ఇంగ్లీషు సినిమా. అంతకు ముందు జమ్మలమడుగు పక్కన మా ఊళ్లో ఆయన్ను అందరూ 'అప్పా' అనే పిలిచేవాళ్లు. పెన్న ఒడ్డున మాకొక చేను ఉండేది. దాని నడుమ మా నాయన్ను కన్న జేజినాయన సమాధి. మా ఇంటిల్లిపాదికీ తిండి ఆ చేనే. దానికి అటూ ఇటూ ఉన్న చేలు ఊరి పెద్ద ఆసామివి. మాది కూడా కలుపుకోవాలని ఆయన ఎన్నిసార్లు మనుషుల్ని పంపినా నాయన ఇవ్వనన్నాడు.

ప్రొద్దుటూరు టూరింగ్ టాకీసులో ఆ సినిమా ఆడినప్పుడు ఊళ్లో సగం మందిమి బండ్లు కట్టుకుని పోయాం. ఇంగ్లీషు మాటలు మాకేం తెలుస్తాయి, తెర పక్కన ఒకాయన నిలబడి తెలుగులో చెప్పేవాడు. తలకు గుడ్డ కట్టుకున్న ముసలాయన ఒకడు గుర్రపు సిపాయిలకు ఎదురు నిలిచాడు.

"ఈయప్ప అమెరికాలో అపాచీలనే తెగకు నాయకుడు. తాతల నేల ఇడ్సనంటాండాడు," అన్నాడు చెప్పేవాడు.

ముందు కుర్చీలో ఉన్న ఆసామి వెనక్కి తిరిగి మా నాయన్ను చూశాడు. "అప్పా, ఛీ అంట. మనోడే," అన్నాడు.

మా ఊరి వాళ్లంతా పడీపడీ నవ్వారు. ఆ ముసలాయనకు సంకెళ్లేసి రైలెక్కిస్తుంటే నాయన ఒక్కడే కదలకుండా చూశాడు.

మర్నాటి నుంచి అదే పేరు. 'అప్పా' అని పిలిచి, ఆయన తిరిగి చూశాక 'ఛీ' అని ఉమ్మేవాళ్లు. మా ఇంట్లో తిన్నవాళ్లూ అన్నారు. వాళ్ల నోళ్లు పడిపోను అని ఇప్పటికీ తిట్టుకుంటాను.

మనిషిని అంత చులకన చేశాక చేను లాక్కోవడం ఎంతసేపు. ఆసామి ట్రాక్టరు తెచ్చాడు. నాయన అడ్డంగా పడుకున్నాడు. ఆసామి మనుషులు ఆయన్ను పక్కకు ఈడ్చి, గడ్డపారతో మోకాలు విరగ్గొట్టి, సమాధి మీదుగా దున్నించారు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కడూ రాలేదు.

కాలు అతుక్కున్నాక ఆసామే కబురు పెట్టాడు. "ఆ చేనికి నువ్వే కావలుండప్పా. నీకంటే బాగా ఎవురు చూస్తారు."

నాయన సరేనన్నాడు. అమ్మ శానా రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకూ ఆయనంటే అసహ్యం వేసింది.

ఆసామి కూతురికి పులివెందుల సంబంధం కుదిరింది. వియ్యంకులకు పొలాలు చూపిస్తూ మా చేనికి వచ్చాడు. నాయనకు సద్ది తెచ్చి నేనక్కడే ఉన్నాను.

"అప్పాఛీ, ఆ పొద్దు ట్రాక్టరుకు అడ్డం ఎట్ల పండుకున్నావో మావోళ్లకు చూపీ."

నాయన కర్ర పక్కన పెట్టాడు. కుంటుకుంటూ చేని నడుమకు పోయి, సాళ్ల మీద బోర్లా పడుకున్నాడు. వాళ్లు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, వక్కాకు నములుతూ వెళ్లిపోయారు. ఆయన మాత్రం లేవలేదు. సిగ్గుతో ఒళ్లు మండిపోయి చెయ్యి పట్టుకుని లాగాను.

"వాళ్లు పోయినారు, లెయ్ నాయనా."

"ఉండు పాపా," అన్నాడు, చెంప మట్టికి ఆనించే. "మీ జేజినాయన ఈడనే ఉండాడు."